సాతానుతో ఒకే పళ్లెంలో

మధ్యాహ్నం లోపల అవ్వాల్సిన పనులివి. సన్యాసి గడ్డానికి కొత్త నార అంటించాలి. సోమరి కాపరి కప్పుకునే గొర్రెతోలు ఎండలో దులపాలి. నరకపు గుహకు ఎర్రరంగు ఇంకో పూత వేయాలి, మంచు పడి నిన్నటిది కారిపోయింది. చర్చి ఆవరణలోకి బెంచీలు చేర్పించాలి. కాపరి పిల్లలకు తలలు దువ్వాలి. వట్టిపోయిన మేకను వెతికి తేవాలి, పోయినేడు పాలమేక జనం మధ్యలో చేసిన గోలకు ఊరు ఇప్పటికీ నవ్వుతోంది. సాతానునీ దేవదూతనీ ఒకే పళ్లెం ముందు కూర్చోబెట్టి తినిపించాలి.

ఎండ చర్చి మెట్ల మీదికి దిగేసరికి చివరిది తప్ప అన్నీ అయిపోయాయి. ఆ చివరిది కాకపోతే మిగతావన్నీ దండగ.

దొమితీలా అవ్వ వంటింట్లో మా మామయ్య పళ్లెం ముందు కూర్చుని ఉన్నాడు. పళ్లెంలో తమాలె ఒకటి, పొత్తు ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి ముద్ద, ఆకు విప్పి పెట్టింది, చల్లారి గట్టిపడుతోంది. మామయ్య ఒళ్లో సాతాను ముసుగు బోర్లా ఉంది. ఎదుటి పీట ఖాళీ.

మా ఊళ్లో క్రిస్మస్ ముందురోజు కాపరుల నాటకం ఆడతారు. పుట్టిన బిడ్డను చూడడానికి కాపరులు బయలుదేరుతారు, సాతాను దారి కాస్తాడు, దేవదూత వాడిని పడగొట్టి మెడ మీద కాలు పెడతాడు. నాటకం మొత్తం దొమితీలా అవ్వ నోట్లోనే ఉంది. ఆగస్టులో ఆవిడ తుంటి విరగడంతో, "చదువుకున్నదానివి, పరుగులు నువ్వు పెట్టు ఒతీలియా, మాటల సంగతి నేను చూసుకుంటా" అని నాకు అప్పగించింది.

చదువుకున్నదాన్నే. మా ఇంట్లో డిగ్రీ తెచ్చుకున్న మొదటి మనిషిని. మోరేలియా కాలేజీలో నా చివరి ఏడాది వ్యాసం కూడా కథల్లో వచ్చే మనుషుల మీదే రాశాను. వీరుడు, శత్రువు, సాయం చేసేవాడు, నవ్వించేవాడు, దారి చూపే ముసలివాడు. మనుషులు మారతారు, చోట్లు మారవు అని రాశాను. మంచి మార్కులు వేశారు. ఊరికి తిరిగొచ్చి చూస్తే మా సన్యాసి లిబోరియో, కసాయివాడు. మా సోమరి కాపరి తోరిబియో, కోడి కూయకముందే లేచి ముగ్గురి పని ఒక్కడే చేసేవాడు. మా సాతాను, చీమను కూడా పక్కకు జరిపి నడిచే మామయ్య.

మామయ్య సాతాను వేషం మొక్కుకున్నాడు. కూతురు లియోనీలాకు జ్వరం వచ్చి మాట పడిపోయినప్పుడు, పిల్ల బతికితే ఏడేళ్లు ఆ ముసుగు వేస్తానన్నాడు. పిల్ల బతికింది. సాతాను వేషం అంటే వేషం కట్టే ఒక్క పూట కాదు. నవంబర్‌లో ముసుగు గోడ మీంచి దించిన రోజు నుంచి నాటకంలో దేవదూత దాన్ని తీసేదాకా ఆ మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. కన్నతల్లి పిలవదు, పెళ్లాం పిలవదు. చర్చిలో చివర తలుపు దగ్గర నిలబడతాడు. మధ్యలో ఒక్క ఏడాది తప్పినా, దేవదూత చేతుల మీదుగా ముసుగు తీయకపోయినా, మొక్కు మళ్లీ మొదటి నుంచి.

ఇది ఏడో ఏడు. మామయ్య బతుకంతా సున్నపు బట్టీలో పనిచేశాడు. డాక్టరు ఊపిరితిత్తుల ఫోటో తీసి, బయటికి రమ్మని మా అమ్మతో విడిగా మాట్లాడాడు. మొదటి నుంచి మొదలుపెట్టడానికి మామయ్య దగ్గర ఏళ్లు లేవు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

"ఏమయ్యా సాతానూ, తినెయ్," అన్నాడు లిబోరియో గుమ్మంలోంచి, గడ్డం సరిచేసుకుంటూ. "దేవదూత ఉపవాసంలో ఉన్నట్టున్నాడు."

"నువ్వు నోరు మూసుకుని జపం చేసుకో, సన్యాసీ," అంది అవ్వ. "పొద్దున్న నుంచి నీ నోట్లోంచి మంచి మాట ఒక్కటి రాలేదు."

"జపమే చేస్తున్నా. నజారియో రావాలని."

మామయ్య దగ్గాడు. దగ్గు ఆగేదాకా అందరం గోడల వైపు చూశాం.

"అమ్మడూ, నువ్వోసారి వెళ్లిరా," అన్నాడు నాతో. "గట్టిగా అడక్కు. ఊరికే పళ్లెం పెట్టాం అని చెప్పు."

నజారియో ఇబర్రోలా మా దేవదూత. వాళ్ల తాత దేవదూత, నాన్న దేవదూత. రెక్కలు వాళ్లింట్లోనే గోడకు వేలాడతాయి. చివరిసారి ఎవరు కట్టుకుంటే వాళ్లింట్లోనే ఉండడం పద్ధతి, ఎప్పుడూ వాళ్లే కట్టుకున్నారు కాబట్టి ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. నాటకం రోజు పొద్దున దేవదూతా సాతానూ ఒకే పళ్లెంలో తినాలి, నలుగురూ చూడాలి. వాళ్ల మధ్య ఏదైనా ఉంటే దాన్ని పక్కన పెట్టినట్టు. మనసులో పెట్టుకుని మెడ మీద కాలు పెడితే, అది నాటకం కాదంటారు మావాళ్లు.

నేను వెళ్లేసరికి ఆయన పెరట్లో ఎండిపోయిన పీచ్ చెట్టు మోడు తవ్వుతున్నాడు. ఇంకో నాలుగు పక్కన పడి ఉన్నాయి. వాళ్లమ్మ గుమ్మంలో కుర్చీలో కూర్చుని వాటినే చూస్తోంది.

"నజారియో గారూ, పళ్లెం పెట్టాం."

"తెలుసమ్మా."

"మరి?"

గడ్డపార మోడు కింద దూర్చి ఒత్తాడు. "మీ మామయ్య ఏప్రిల్‌లో మా వంతు నీళ్లు తన మొక్కలకు తిప్పుకున్నాడు. నీకు తెలుసు."

"తెలుసు."

"పూత మీదున్న చెట్లు. మా అమ్మ పెళ్లయి వచ్చిన ఏడు పెట్టినవి. ఊటబావి దగ్గర అందరి ముందూ అడిగాను. ఏమన్నాడో తెలుసా? 'సాతానుని కదా, నీళ్లయినా దొంగిలించకపోతే నన్నెవరు నమ్ముతారు?' అన్నాడు. అందరూ నవ్వారు. మా అమ్మ అక్కడే ఉంది."

"తప్పయిందని చెప్పిస్తాను."

"చెప్పాడు. మొన్న ఆదివారం వచ్చి ఇక్కడే నిలబడి చెప్పాడు. మా అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. నేను కాదన్నానా?"

"తప్పయిందన్నాడు కదా. ఇక వచ్చి రెండు ముద్దలు తింటే అయిపోతుంది. నలుగురూ చూస్తారు."

"చూస్తారు. తిన్నానని చూస్తారు." గడ్డపార వదిలేశాడు. "నవంబర్‌లో సాధన రోజు ఆయన మెడ మీద కాలు పెట్టాను, నువ్వు పక్కనే ఉన్నావు. నీకేమీ తెలియలేదు. నాకు కాలు తీయబుద్ధి కాలేదమ్మా. ఒక్క క్షణమే. ఆయన దగ్గాడు, అప్పుడు తీశాను. ఆ కాలిలోని కసి పోయిందేమో పోయిందేమోనని రోజూ చూసుకుంటున్నా. పోలేదు. అది పెట్టుకుని నేను రాను."

"ఆయనకు వచ్చే ఏడు లేదండీ."

"అందుకే రాను," అన్నాడు.

పరుగున తిరిగొచ్చాను. ఆవరణలో పిల్లలు అప్పుడే బెంచీల మీద చోటు పట్టుకుంటున్నారు. తోరిబియో ఎదురొచ్చి, "ఏమైంది టీచరమ్మా, నీ వీరుడు వస్తున్నాడా?" అన్నాడు. ఉద్యోగం ఇంకా రాలేదు కానీ డిగ్రీ వచ్చినప్పటి నుంచి అందరూ నన్ను టీచరమ్మను చేసేశారు. దారిలోనే నాకో ఉపాయం తోచింది, అదే మంచి ఉపాయమని అనుకున్నాను కూడా. పళ్లెంలో తమాలెను రెండుగా విరిచాను. సగం మామయ్య చేత తినిపించాను. మిగిలిన సగం అదే పళ్లెంలో పెట్టుకుని ఊరి ఆ చివరకు మళ్లీ పరుగెత్తాను.

నజారియో గారు దాన్ని చూసి మొదటిసారి నవ్వాడు. "ఆకలిగానే ఉంది, తింటాను. కానీ దీన్ని ఆ తిండి కింద జమ కట్టకు."

తినేశాడు. వాళ్లమ్మకు కూడా ఒక ముక్క పెట్టాడు. నేను ఖాళీ పళ్లెం పట్టుకుని అవ్వ ముందు నిలబడ్డాను.

"ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు," అన్నాను.

అవ్వ పళ్లేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పాపం, పళ్లెం బాగా నడిచింది. వాళ్లిద్దరిలో ఎవరైనా ఒక్క అడుగు నడిచారా?"

లిబోరియో గడ్డం ఊడిపోయేలా నవ్వాడు. మామయ్య కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

"అయితే రెక్కలు నేను కట్టుకుంటాను," అన్నాను. "మాటలన్నీ వచ్చు. ఎవరో ఒకరు ఆ చోట్లో నిలబడాలి, అంతే కదా?"

"నీకు మీ మామయ్య మీద కోపం ఉందా?"

"లేదు."

"ఎప్పుడైనా కోప్పడ్డావా?"

"లేదవ్వా."

"మరి ఏం పక్కన పెట్టి ఆ పీట మీద కూర్చుంటావు? ఊరికే వచ్చి తిని పోయేవాడు చుట్టం. దేవదూత కాదు."

లిబోరియో వైపు చూశాను. "నన్ను చూడకు. రేపు ఇబర్రోలా వాళ్లకు నేను మాంసం అమ్మాలి," అన్నాడు. తోరిబియో గొర్రెతోలు సవరించుకున్నాడు. బయట ఎవరో డప్పు సరిచూసుకుంటున్నారు. మామయ్య ముసుగు కొమ్ములను బొటనవేలితో తుడుస్తున్నాడు, ఎంతకూ ఆపడం లేదు.

పొయ్యి దగ్గర రొట్టెలు తడుతున్న బ్రిహిదా అత్తయ్య చేతులు ఆపింది. మామయ్య భార్య. పొద్దున్న నుంచి అక్కడే ఉంది, ఒక్క మాట అనలేదు.

"నేను కూర్చుంటే?" అంది.

"నువ్వా?" అన్నాడు లిబోరియో. "ఆడది దేవదూతా?"

"దేవదూత ఆడో మగో నువ్వు చూశావా లిబోరియో?" అంది అవ్వ. "నీకు తెలిసింది పందుల సంగతి. దాన్ని చెప్పనీ."

అత్తయ్య చేతుల పిండి నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది. "ఈ మనిషితో ఒకే పళ్లెంలో తినడం నాకు కొత్త కాదు. కోపం కావాలంటే నా దగ్గర ఇంటి నిండా ఉంది. నన్ను ఒక్క మాట అడగకుండా మొక్కొచ్చాడు. చలికాలం వస్తే పక్కలో ఉన్న మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. ఏయ్, ఓయ్, ఇదుగో. పశువును పిలిచినట్టు. డాక్టరు వద్దన్నా బట్టీకి పోయాడు. ఇక నీళ్ల సంగతంటారా, ఆ రోజు నేను చెబుతూనే ఉన్నాను, వాళ్ల వంతు ముట్టుకోకు అని. విన్నాడా?"

"బ్రిహిదా," అన్నాడు మామయ్య, "నీకు మాటలు రావు."

"నాకు మాటలు వస్తాయో రావో ఇన్నేళ్ల నుంచి వింటూనే ఉన్నావుగా."

అవ్వ పెద్దగా నవ్వి, కుండలోంచి ఇంకో తమాలె తీసి ఆకు విప్పి పళ్లెంలో పెట్టింది. అత్తయ్య వచ్చి ఎదుటి పీట మీద కూర్చుంది. ఇద్దరూ తిన్నారు. మామయ్య తన వైపున్న మిరపకాయ ముక్కలు ఏరి ఆమె వైపు జరిపాడు, ఆమెకు కారం ఇష్టం. ఆమె కళ్లెత్తకుండా తినేసింది.

ఇక రెక్కలు కావాలి.

మూడోసారి ఆ ఇంటికి వెళ్తుంటే ఎలా అడగాలో మాటలు కూర్చుకుంటూ నడిచాను. ఆ రెక్కలు ఒకసారి గుమ్మం దాటి ఇంకొకరి భుజం ఎక్కితే ఆ వేషం ఇబర్రోలా ఇంటిది కాకుండా పోతుంది. తాతల నాటి వేషాన్ని అంత తేలిగ్గా వదులుకునేవాడెవడు? ఇవ్వనంటే ఏం చెయ్యాలి? దుప్పటితో కుట్టాలా? అట్టముక్కలతో చెయ్యాలా? పొద్దు ఎంత దిగింది? పరుగెత్తకుండా ఉండలేకపోయాను.

ఆయన వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. రెక్కలు ఉతికిన దుప్పట్లో చుట్టి, తాడుతో కట్టి, గోడకు ఆనించి పెట్టాడు. పైన కత్తి.

"ఎవరు కట్టుకుంటున్నారు?" అన్నాడు.

"అత్తయ్య."

"మంచిదే. ఆవిడ భుజాలు చిన్నవి, పట్టీలు లోపలికి కుట్టు. ఎడమ రెక్క తీగ జారుతుంది, చూసుకో. నేను దారం నోట్లో పెట్టుకుని బిగించేవాణ్ణి."

గుమ్మంలో వాళ్లమ్మ మొహం అటు తిప్పుకుంది.

"నజారియో గారూ, ఇవి ఇక..."

"తెలుసమ్మా. తీసుకుపో. జనం వచ్చేస్తుంటారు."

ఆయన వెనక తెరిచిన తలుపులోంచి, లోపలి గోడ మీద, సున్నం మాయని చోట, రెక్కల ఆకారం తెల్లగా కనిపిస్తోంది. నేను మూట ఎత్తుకున్నాను. అది నేననుకున్న దానికంటే బరువుంది.

నాటకం సాయంత్రం ఎండ ఉండగానే మొదలైంది. సన్యాసి ఎప్పటిలాగే ప్రార్థన మరిచిపోయి బూతు మాట అన్నాడు. సోమరి కాపరి పడుకుని, "బిడ్డనే ఇటు తీసుకురండి, నేను లేవలేను" అంటే పిల్లలు పడీపడీ నవ్వారు. మేక బుద్ధిగా ఉంది. నేను గుహ వెనక నిలబడి, మాటలు అందించడానికి సిద్ధంగా, గోళ్లు కొరుక్కుంటున్నాను.

మామయ్య వచ్చాడు. గొంతు సగమే లేచింది కానీ ముసుగులోంచి అది ఇంకా భయంకరంగా వినిపించింది. తర్వాత అత్తయ్య వచ్చింది. జనంలో గుసగుసలు. ఎవరో, "అది బ్రిహిదా కాదూ?" అన్నారు. ఎవరో ఈల వేశారు. ఆమె కత్తి ఎత్తి మొదటి రెండు పాదాలూ చక్కగా చెప్పింది. మూడోది రాలేదు.

నేను అందించాను. గాలి అటు వీస్తోంది, వినిపించలేదు. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. ఆమె కత్తి పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు సాతాను మెల్లగా ఆమె వైపు వంగి, తనను తిట్టాల్సిన మాట తనే అందించాడు.

"నాకు తెలుసులే! నువ్వు నోరు ముయ్యి!" అంది అత్తయ్య.

ఆవరణ మొత్తం ఘొల్లుమంది. లిబోరియో నేల మీద కూర్చుండిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, అంతా పోయిందనుకున్నాను. ఆ నవ్వు ఆగేదాకా ఆమె కదలలేదు. ఆగాక, మామూలు గొంతుతో, ఇంట్లో మాట్లాడినట్టే మొదలుపెట్టింది.

"నన్ను ఒక్క మాట అడగలేదు నువ్వు. అడిగితే నేనూ నీతో పాటు మొక్కేదాన్ని. పిల్ల నాక్కూడా పిల్లే కదా. బావి దగ్గర ఎన్నిసార్లు నీ పేరు నోటిదాకా వచ్చి మింగేశానో నీకు తెలుసా? చాలు ఇంక. పడుకో."

సాతాను పడుకున్నాడు.

ఆమె చెప్పులు విప్పింది. అది నాటకంలో లేదు. వట్టి కాలు ఆయన మెడ మీద ఆనీ ఆనకుండా పెట్టింది. ఆయన దగ్గాడు, ఆమె చటుక్కున తీసేసింది.

"పెట్టు!" అని కుర్చీలోంచి అరిచింది దొమితీలా అవ్వ. "పెట్టి తియ్యి, అప్పుడే లెక్క!"

మళ్లీ పెట్టింది. ఎవరూ నవ్వలేదు. వంగి, కొమ్ములు పట్టుకుని ముసుగు లాగింది. మామయ్య ముఖం చెమటతో తడిసిపోయి ఉంది, ఎండకు కళ్లు చికిలించాడు.

"ఔసెన్సియో," అంది ఆమె. "లే. నేల చల్లగా ఉంది."

నేను నిలబడ్డ చోటి నుంచి ఆవరణ గోడ అవతలి వీధి కనిపిస్తుంది. రొట్టెల బట్టీ పక్కన నజారియో గారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ పేరు వినబడగానే టోపీ తీశాడు. కాసేపు అలాగే ఉండి, మళ్లీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మామయ్య మరుసటి ఏటి వానలు చూడలేదు. సమాధి రాయి మీద ఆయన పేరు పెద్ద అక్షరాలతో చెక్కించింది అత్తయ్య. రెక్కలు ఇప్పుడు ఆమె ఇంట్లో ఉన్నాయి, ఈ డిసెంబర్‌లో లియోనీలా కట్టుకుంటానంటోంది.

నాకు ఊరి బడిలోనే ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం కథ ఇప్పుడు అందరూ చెబుతారు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు మరీ చెబుతారు. చెప్పినప్పుడల్లా అది కొంచెం నున్నబడుతోంది. మామయ్య పుణ్యాత్ముడు, అత్తయ్య వీరనారి, అవ్వ అన్నీ తెలిసిన ముసలమ్మ. చావుకు దగ్గరైన మనిషి మీద పగ తీర్చుకున్న దుర్మార్గుడు నజారియో. మొన్న తరగతిలో నాటకం బొమ్మ వెయ్యమంటే ఒక పిల్ల ఆయనకు కొమ్ములు పెట్టింది. ఆయన మనవరాలు ఆ పక్క బెంచీలోనే కూర్చుంటుంది.

రెక్కలు ఆయనే ఇచ్చాడని చెబుతాను. అత్తయ్య కూడా చెబుతుంది. "నువ్వు అడిగావు కాబట్టి ఇచ్చాడులే" అంటారు. నేను అడగలేదు. అడగకముందే మూట కట్టి ఉంది. టోపీ సంగతి చెబితే లిబోరియో, "చదువుకున్నవాళ్లకు అన్నీ కనిపిస్తాయి" అని నవ్వుతాడు. నా వ్యాసంలో రాసిన చోట్లన్నీ తిరగేసి చూశాను. ఆయన్ని ఎక్కడ నిలబెట్టాలో నాకు తెలియలేదు.

ఆయన ఇప్పుడు నాటకానికి రాడు. పీచ్ మొక్కలు కొత్తవి పెట్టాడు. మీలో ఎవరైనా ఈ కథ ఇంకొకరికి చెబితే, ఆ రోజు వచ్చి తిని, కోపం పోయినట్టు నటించడం ఆయనకు ఎంత సులువై ఉండేదో కూడా చెప్పండి. నజారియో ఇబర్రోలాను గుర్తుపెట్టుకోండి.